ఆంగ్లంలో విశేషణాలు: తరచుగా అడిగే ప్రశ్నలు

ఆంగ్ల వ్యాకరణంలో విశేషణం అంటే ఏమిటి?

ఒక వ్యక్తి, వస్తువు లేదా భావం ఎలాంటిదో చెప్పే మాటను విశేషణం అంటారు, అది ఎవరి గురించి లేదా దేని గురించి చెబుతుందో ఆ నామవాచకాన్ని విశేష్యం అంటారు. తెలుగు వ్యాకరణంలో ఈ జంటను మనం చిన్నప్పుడే చదువుకున్నాం. 'తెల్లగుర్రం' అన్నప్పుడు 'తెల్ల' విశేషణం, 'గుర్రం' విశేష్యం. ఆంగ్లంలో 'వైట్ హార్స్' అన్నా జరిగే పని అదే. 'హార్స్' అనగానే లోకంలోని గుర్రాలన్నీ ఆ మాటలో ఇముడుతాయి, ముందు 'వైట్' చేరగానే వాటిలో చాలావరకు పక్కకు తప్పుకొని కొన్ని మాత్రమే మిగులుతాయి. 'అడ్జెక్టివ్' అనే పేరు లాటిన్ నుంచి వచ్చింది, దానికి మూలార్థం 'చేర్చబడినది'. పూర్వపు లాటిన్ వ్యాకరణకర్తలు విశేషణాన్ని వేరే భాషాభాగంగా లెక్కించలేదు, నామంలోనే ఒక రకంగా చూశారు. చాలాకాలం పాటు ఆంగ్ల వ్యాకరణాలూ అదే దారిలో నడిచాయి.

ఈ పేజీలోని ప్రశ్నలు చాలావరకు తెలుగు మాతృభాషగా ఉన్నవారికి ఎదురయ్యేవే. విశేషణాల విషయంలో తెలుగు మనకు సగం దూరం దారి చూపిస్తుంది, మిగతా సగంలో తప్పుదారి పట్టిస్తుంది. ఎక్కడ ఏది జరుగుతుందో తెలుసుకుంటే నియమాలను బట్టీ పట్టవలసిన అవసరం చాలా తగ్గుతుంది.

వాక్యంలో విశేషణం ఎక్కడ వస్తుంది?

ముఖ్యంగా రెండు చోట్ల వస్తుంది. 'ఎ గుడ్ బాయ్' అన్నప్పుడు నామవాచకానికి ముందు వస్తుంది, 'ద బాయ్ ఈజ్ గుడ్' అన్నప్పుడు క్రియ తరువాత వస్తుంది. రెండు చోట్లా 'గుడ్' రూపం మారలేదని గమనించండి. తెలుగులో అలా కుదరదు. 'మంచి అబ్బాయి' అనవచ్చు కాని 'ఆ అబ్బాయి మంచి' అని ఆపలేము, 'మంచివాడు' అనాలి. అమ్మాయి అయితే 'మంచిది', పలువురైతే 'మంచివాళ్లు' అవుతుంది. తెలుగులో క్రియాస్థానానికి చేరిన విశేషణం కొత్త ప్రత్యయం తగిలించుకుంటుంది, ఆంగ్లంలో ఉన్నది ఉన్నట్లే నిలబడుతుంది.

అయితే కొన్ని ఆంగ్ల విశేషణాలు ఒక్క చోటుకే కట్టుబడి ఉంటాయి. 'అఫ్రెయిడ్', 'అస్లీప్', 'అలైవ్', 'అవేక్', 'అలోన్' వంటివి క్రియ తరువాతే వస్తాయి. 'ద చైల్డ్ ఈజ్ అస్లీప్' సరైనది, 'ఎన్ అస్లీప్ చైల్డ్' తప్పు, దానికి బదులు 'ఎ స్లీపింగ్ చైల్డ్' అనాలి. దీనికి విరుద్ధంగా 'మెయిన్', 'మియర్', 'ఫార్మర్', 'అటర్' వంటివి నామవాచకానికి ముందే వస్తాయి. 'ద మెయిన్ రీజన్' అంటాం గాని 'దిస్ రీజన్ ఈజ్ మెయిన్' అనము.

'ఆమె అందంగా ఉంది', 'ఆమె అందంగా పాడింది' అనే రెండింటిలోనూ 'అందంగా' ఒకటే కదా, ఆంగ్లంలో రెండు మాటలెందుకు?

విశేషణాల గురించి తెలుగువారు అడగవలసిన ప్రశ్నలన్నింటిలో ఇదే ముఖ్యమైనదని నా అభిప్రాయం, ఎందుకంటే మనం చేసే పొరపాట్లలో చాలావాటికి వేరు ఇక్కడే ఉంది.

తెలుగులో '-గా' అనే ప్రత్యయం రెండు పనులు చేస్తుంది. 'ఆమె అందంగా ఉంది' అన్నప్పుడు అందం ఆమెది, అంటే మాట వ్యక్తి స్థితిని చెబుతోంది. 'ఆమె అందంగా పాడింది' అన్నప్పుడు అందం పాటదే గాని పాడిన మనిషిది కాదు, అంటే మాట ఆ పని జరిగిన తీరును చెబుతోంది. మొదటిది విశేషణం చేసే పని, రెండవది క్రియావిశేషణం చేసే పని. మన భాష ఈ రెండింటికీ ఒకే రూపాన్ని వాడుతుంది కాబట్టి తేడా మన చెవికి వినిపించదు. ఆంగ్లం మాత్రం వేర్వేరు రూపాలు వాడుతుంది: 'షి ఈజ్ బ్యూటిఫుల్', 'షి శాంగ్ బ్యూటిఫుల్లీ'.

చిక్కు అక్కడితో ఆగదు. 'ఈజ్' ఒక్కటే కాక 'లుక్', 'సీమ్', 'ఫీల్', 'టేస్ట్', 'స్మెల్', 'సౌండ్', 'బికమ్' వంటి క్రియలు కూడా కర్తను దాని గుణంతో కలిపే వంతెనల్లా పని చేస్తాయి. వీటి తరువాత విశేషణమే రావాలి. 'మందు చేదుగా ఉంది' అనడానికి 'ద మెడిసిన్ టేస్ట్స్ బిటర్' అనాలి, 'బిటర్లీ' అనకూడదు, ఎందుకంటే చేదు మందులోనే ఉంది, మందు చేదుగా రుచి చూడటం లేదు. 'నువ్వు అలసటగా కనిపిస్తున్నావు' అనడానికి 'యు లుక్ టైర్డ్' అంటాం.

ఒకే క్రియను రెండు విధాలుగా వాడి చూస్తే సంగతి మరింత తేటపడుతుంది. 'హి లుక్డ్ యాంగ్రీ' అంటే అతని ముఖంలో కోపం కనిపించింది, ఇక్కడ 'లుక్' వంతెన మాత్రమే. 'హి లుక్డ్ యాంగ్రిలీ ఎట్ మి' అంటే అతను నా వైపు కోపంగా చూశాడు, ఇక్కడ 'లుక్' చూడటమనే నిజమైన పని. తెలుగులో 'కోపంగా' మారదు గాని క్రియ మారుతుంది: మొదటిది 'కనిపించాడు', రెండవది 'చూశాడు'. కాబట్టి '-గా' ఎదురైనప్పుడల్లా ఒక్క ప్రశ్న వేసుకోండి: ఈ గుణం మనిషిదా లేక వస్తువుదా, లేదంటే జరిగిన పనిదా? మనిషిది లేదా వస్తువుది అయితే విశేషణం, పనిది అయితే క్రియావిశేషణం.

చివర 'లీ' అని వినిపిస్తే అది క్రియావిశేషణమేనా?

అన్నిసార్లూ కాదు. 'ఫ్రెండ్లీ', 'లవ్లీ', 'లోన్లీ', 'కౌవర్డ్లీ' విశేషణాలే. 'ఎ ఫ్రెండ్లీ వాయిస్' అంటాం. 'స్నేహంగా మాట్లాడాడు' అనడానికి 'హి స్పోక్ ఫ్రెండ్లీ' అనకూడదు, 'హి స్పోక్ ఇన్ ఎ ఫ్రెండ్లీ వే' అని చుట్టు తిరిగి చెప్పాలి. మరోవైపు 'ఫాస్ట్', 'హార్డ్' రెండు పనులకూ ఒకే రూపంలో ఉంటాయి. 'హి వర్క్స్ హార్డ్' అంటే కష్టపడి పని చేస్తాడని అర్థం. దానికి 'లీ' తగిలించి 'హి హార్డ్లీ వర్క్స్' అంటే దాదాపు పని చేయడనే వ్యతిరేకార్థం వస్తుంది.

'ఐ యామ్ బోరింగ్' అంటే తప్పేమిటి?

వ్యాకరణం ప్రకారం తప్పు లేదు, అర్థం ప్రకారం మాత్రం మీరు చెప్పదలచుకున్నది అది కాదు. 'ఐ యామ్ బోరింగ్' అంటే 'నేను ఇతరులకు విసుగు పుట్టించే మనిషిని' అని. 'నాకు విసుగ్గా ఉంది' అనడానికి 'ఐ యామ్ బోర్డ్' అనాలి.

ఇక్కడ కూడా మూలం మన '-గా' లోనే ఉంది. 'ఉపన్యాసం విసుగ్గా ఉంది', 'నాకు విసుగ్గా ఉంది' అని రెండు చోట్లా ఒకే మాట వాడతాం. విసుగు ఎవరి నుంచి పుట్టిందో, ఎవరికి తగిలిందో 'నాకు' అనే విభక్తి వల్ల తెలుస్తుంది. ఆంగ్లంలో ఆ భారం విశేషణం మీద పడుతుంది. భావాన్ని పుట్టించేది 'ఇంగ్' రూపం, భావాన్ని పొందేది 'ఎడ్' రూపం: 'ద లెక్చర్ ఈజ్ బోరింగ్, సో ద స్టూడెంట్స్ ఆర్ బోర్డ్'. 'ఇంట్రెస్టింగ్', 'ఇంట్రెస్టెడ్', 'కన్ఫ్యూజింగ్', 'కన్ఫ్యూజ్డ్', 'టైరింగ్', 'టైర్డ్' జంటలన్నీ ఇలాగే నడుస్తాయి. తెలుగులో 'పుట్టించే' అని విడదీసి చెప్పగలిగితే 'ఇంగ్', 'చెందిన' అని చెప్పగలిగితే 'ఎడ్' అని గుర్తుంచుకోండి.

లింగం, వచనం బట్టి ఆంగ్ల విశేషణం మారుతుందా?

మారదు. 'టాల్ బాయ్', 'టాల్ గర్ల్', 'టాల్ ట్రీస్' అన్నింటిలో 'టాల్' ఒకటే. సుమారు 1100కు ముందున్న ప్రాచీన ఆంగ్లంలో విశేషణాలు లింగ, వచన, విభక్తులను బట్టి రూపాలు మార్చుకునేవి, తరువాతి శతాబ్దాలలో ఆ ప్రత్యయాలు క్రమంగా అరిగిపోయాయి. 'దిస్' బహువచనంలో 'దీజ్' కావడం, 'దట్' 'దోజ్' కావడం మాత్రం నేటికీ ఉంది.

'ఎ టెన్-ఇయర్స్-ఓల్డ్ బాయ్' అని రాయవచ్చా? నామవాచకం విశేషణంలా పని చేస్తుందా?

చేస్తుంది. 'స్టోన్ వాల్' లో 'స్టోన్' నామవాచకమే, కాని 'వాల్' ఎలాంటిదో చెబుతోంది. తెలుగులో 'రాతిగోడ' అన్నట్లే. అయితే అది పూర్తి విశేషణంగా మారదు. 'వెరీ స్టోన్ వాల్' అనలేము, 'ద వాల్ ఈజ్ స్టోనర్' అనలేము.

ఇలా ముందు నిలిచిన నామవాచకం సాధారణంగా ఏకవచనంలోనే ఉంటుంది. 'బుక్ షాప్' లో పుస్తకాలు వందలున్నా 'బుక్' ఒక్కటే. అందుకే సంఖ్యతో కలిపి విశేషణం చేసినప్పుడు 'ఎ టెన్-ఇయర్-ఓల్డ్ బాయ్' అని ఏకవచనం వాడి, మధ్యలో అడ్డగీతలు పెడతారు. అదే క్రియ తరువాత వస్తే 'ద బాయ్ ఈజ్ టెన్ ఇయర్స్ ఓల్డ్' అని బహువచనం తిరిగి వస్తుంది, అడ్డగీతలు పోతాయి.

ఒకే నామవాచకానికి చాలా విశేషణాలు వస్తే ఏ వరుసలో రాయాలి?

సాధారణంగా బోధించే వరుస ఇది: ముందు మన అభిప్రాయం, తరువాత పరిమాణం, వయసు, ఆకారం, రంగు, మూలస్థానం, చేసిన పదార్థం, చివరగా ఉపయోగం. ఇంత పెద్ద పట్టికను మనసులో పెట్టుకొని ఎవరూ మాట్లాడరు. దాని వెనుకనున్న సూత్రం ఒక్కటి తెలిస్తే చాలు. వస్తువు నుంచి విడదీయలేని గుణం నామవాచకానికి దగ్గరగా ఉంటుంది, చూసేవారి అభిప్రాయం మీద ఆధారపడిన గుణం దూరంగా ఉంటుంది.

ఒక చిన్న పెట్టెను ఎదురుగా పెట్టుకుందాం. అది చెక్కతో చేసినది, పాతబడింది, చిన్నది, చూడటానికి బాగుంది. 'ఎ బ్యూటిఫుల్ స్మాల్ ఓల్డ్ వుడెన్ బాక్స్' అంటే ఆంగ్లం తెలిసినవారి చెవికి హాయిగా ఉంటుంది. 'ఎ వుడెన్ బ్యూటిఫుల్ ఓల్డ్ స్మాల్ బాక్స్' అంటే అర్థమవుతుంది గాని ఎక్కడో రాయి తగిలినట్లు ఉంటుంది. ఇక్కడ మన తెలుగు మంచి దారే చూపిస్తుంది. 'అందమైన చిన్న పాత చెక్కపెట్టె' అంటాం గాని 'చెక్క అందమైన పాత చిన్న పెట్టె' అనము. 'చెక్క' అనేది పెట్టెను విడిచి ఎక్కడికీ పోదు, అందం మాత్రం ఒకరికి కనిపించి మరొకరికి కనిపించకపోవచ్చు. నిజానికి ఒకే నామవాచకం ముందు మూడు విశేషణాలకు మించి పేర్చడం మంచి రచనకు అంత అందం కాదు, మిగతావాటిని మరో వాక్యంలో చెప్పడం మేలు.

విశేషణాల మధ్య కామా ఎప్పుడు పెట్టాలో తెలియకపోతే, వాటి మధ్య 'అండ్' పెట్టి చూడండి. 'ఎ లాంగ్, టైరింగ్ జర్నీ' ని 'లాంగ్ అండ్ టైరింగ్' అనవచ్చు కాబట్టి కామా వస్తుంది. 'ఓల్డ్ వుడెన్ బాక్స్' లో అలా కుదరదు కాబట్టి కామా రాదు.

పోల్చేటప్పుడు విశేషణం ఎలా మారుతుంది?

తెలుగులో పోలిక మొత్తం 'కంటే' అనే మాట మీద నడుస్తుంది, విశేషణం కదలదు. 'అతను పొడవు', 'అతను నాకంటే పొడవు', 'అతను అందరికంటే పొడవు' అనే మూడు వాక్యాలలో 'పొడవు' ఒకటే. ఆంగ్లంలో 'దెన్' ఒక్కటి పెడితే సరిపోదు, విశేషణం కూడా మారాలి: 'టాల్', 'టాలర్', 'టాలెస్ట్'. 'హి ఈజ్ టాల్ దెన్ మి' అని మనవాళ్లు రాయడానికి కారణం అజాగ్రత్త కాదు, మాతృభాష అలవాటు.

ఒకే అక్షరధ్వనిగా పలికే చిన్న విశేషణాలకు 'అర్', 'ఎస్ట్' చేరుతాయి. 'హ్యాపీ' లా చివర ఈ-ధ్వని ఉన్న రెండు ధ్వనుల మాటలు కూడా 'హ్యాపియర్', 'హ్యాపియెస్ట్' అవుతాయి. 'బ్యూటిఫుల్', 'డిఫికల్ట్' వంటి పెద్ద మాటల ముందు 'మోర్', 'మోస్ట్' వస్తాయి. 'క్లెవర్', 'సింపుల్', 'నారో', 'క్వయట్' వంటివి రెండు విధాలా చెల్లుతాయి. 'గుడ్, బెటర్, బెస్ట్', 'బ్యాడ్, వర్స్, వర్స్ట్' వంటి కొన్నింటిని మాత్రం నేర్చుకోక తప్పదు.

రెండు పద్ధతులను కలపకూడదు. 'బెటర్' లోనే 'ఇంకా మంచిది' అనే అర్థం ఉంది కాబట్టి 'మోర్ బెటర్' తప్పు. 'ఇంకా చాలా మెరుగు' అని నొక్కి చెప్పాలంటే 'మచ్ బెటర్' అనాలి. 'వన్ ఆఫ్ ద బెస్ట్' తరువాత నామవాచకం బహువచనంలో రావాలి: 'వన్ ఆఫ్ ద బెస్ట్ స్టూడెంట్స్'. ఇక్కడ సందేహం కలిగితే తెలుగునే అడగండి. 'ఉత్తమ విద్యార్థులలో ఒకరు' అంటాం గాని 'ఉత్తమ విద్యార్థిలో ఒకరు' అనము కదా.

'సీనియర్ దెన్ మి' ఎందుకు తప్పు?

'సీనియర్', 'జూనియర్', 'సుపీరియర్', 'ఇన్ఫీరియర్' లాటిన్ నుంచి వచ్చిన మాటలు, లాటిన్‌లో అవి అప్పటికే పోలికను చెప్పే రూపాలు. ఆంగ్లంలో వాటి తరువాత 'దెన్' కాక 'టు' వస్తుంది: 'షి ఈజ్ సీనియర్ టు మి'. 'ఎల్డర్' అనే మాటకు కూడా ఒక పరిమితి ఉంది. 'మై ఎల్డర్ బ్రదర్' అనవచ్చు, 'హి ఈజ్ ఎల్డర్ దెన్ మి' అనకూడదు, 'ఓల్డర్ దెన్ మి' అనాలి.

ప్రతి విశేషణం ముందు 'వెరీ' పెట్టవచ్చా? 'టూ' కూడా అదే అర్థమా?

గుణం ఎక్కువ తక్కువలు కాగలిగినప్పుడే 'వెరీ' కుదురుతుంది. వేడి కొంచెం ఉండవచ్చు, చాలా ఉండవచ్చు కాబట్టి 'వెరీ హాట్' అంటాం. కాని 'డెడ్' అనే స్థితికి హెచ్చుతగ్గులు లేవు. 'ఫ్రీజింగ్', 'ఎనార్మస్' వంటి మాటలలో 'చాలా' అనే అర్థం ముందే ఉంది కాబట్టి వాటికి 'వెరీ' అనవసరం, నొక్కి చెప్పాలంటే 'ఆబ్సల్యూట్లీ' వాడతారు.

'టూ' అంటే 'చాలా' కాదు, 'అవసరానికి మించి' అని. 'ద బాక్స్ ఈజ్ వెరీ హెవీ' అంటే పెట్టె చాలా బరువుగా ఉంది, అయినా ఎత్తగలమేమో. 'ద బాక్స్ ఈజ్ టూ హెవీ' అంటే ఎత్తలేనంత బరువు. మెచ్చుకోవడానికి 'టూ గుడ్' అనడం మన మాటల్లో పాతుకుపోయింది, సంభాషణలో సరిపెట్టుకోవచ్చు గాని పరీక్షలో, దరఖాస్తులో 'వెరీ గుడ్' అనే రాయాలి.

'చిన్న చిన్న రాళ్లు' ను 'స్మాల్ స్మాల్ స్టోన్స్' అనవచ్చా?

అనకూడదు. మాటను రెండుసార్లు చెప్పి బహుత్వాన్నో తీవ్రతనో సూచించడం తెలుగుకున్న గొప్ప సొగసు. 'వేడివేడిగా', 'పెద్ద పెద్ద', 'ఎర్రెర్రని' అనగానే కళ్లముందు బొమ్మ కడుతుంది. ప్రామాణిక ఆంగ్లానికి ఈ సదుపాయం లేదు. అందుకే ముందు మన మాట ఏమి చెబుతోందో విడదీసుకోవాలి. 'చిన్న చిన్న రాళ్లు' లో 'చాలా రాళ్లు' అనే భావం ముఖ్యమైతే 'మెనీ స్మాల్ స్టోన్స్', చిన్నతనం ముఖ్యమైతే 'టైనీ స్టోన్స్' అనాలి. 'వేడివేడిగా' అనడానికి 'పైపింగ్ హాట్' అనే నుడికారం ఉంది.

'మై', 'దిస్', 'సమ్' కూడా విశేషణాలేనా?

పాత వ్యాకరణాలు వీటిని విశేషణాలలోనే చేర్చాయి, చాలా పాఠశాలల్లో ఇప్పటికీ అలాగే చెబుతారు. ఆధునిక వ్యాకరణాలు వీటిని 'డిటర్మినర్లు' అనే వేరే తరగతిగా చూస్తాయి, నాకూ అదే సబబుగా తోస్తుంది. 'బిగ్ రెడ్ బాల్' అని రెండు విశేషణాలు పక్కపక్కన పెట్టవచ్చు గాని 'మై దిస్ బాల్' అనలేము. వీటికి పోలిక రూపాలు కూడా ఉండవు. తెలుగులో 'నా ఈ పుస్తకం' హాయిగా అంటాం కాబట్టి ఇక్కడ జాగ్రత్త అవసరం.

'ఫ్యూ', 'ఎ ఫ్యూ' ల మధ్య తేడా కూడా ఇక్కడే చెప్పుకోవాలి. 'ఐ హావ్ ఎ ఫ్యూ ఫ్రెండ్స్' అంటే కొందరు స్నేహితులున్నారు అనే తృప్తి. 'ఐ హావ్ ఫ్యూ ఫ్రెండ్స్' అంటే ఉన్నా లేనట్లే అనే లోటు. లెక్కపెట్టలేనివాటికి 'ఎ లిటిల్', 'లిటిల్' ఇదే తేడాతో వస్తాయి.

'ద పూర్' లో నామవాచకం ఎక్కడుంది?

కనిపించదు. 'ద' చేరినప్పుడు కొన్ని విశేషణాలు ఆ గుణమున్న మనుషులందరినీ సూచిస్తాయి, అర్థం బహువచనం. 'ద పూర్ నీడ్ హెల్ప్' సరైనది, 'నీడ్స్' తప్పు. ఒక్క పేదవానిని చెప్పాలంటే 'ఎ పూర్ మ్యాన్' అనాలి.

విశేషణం నామవాచకం తరువాత రావడం ఉందా?

ఉంది. 'సమ్‌థింగ్', 'నోబడీ' వంటి మాటల తరువాతే విశేషణం వస్తుంది: 'సమ్‌థింగ్ యూస్‌ఫుల్'. కొన్ని మాటలకు చోటును బట్టి అర్థమే మారుతుంది. 'ద మెంబర్స్ ప్రెజెంట్' అంటే హాజరైన సభ్యులు, 'ద ప్రెజెంట్ మెంబర్స్' అంటే ఇప్పటి సభ్యులు.

దీనికి దగ్గరి విషయం మరొకటుంది. 'నిన్న వచ్చిన మనిషి' లో 'వచ్చిన' అనే క్రియాజన్య విశేషణం నామవాచకానికి ముందు కూర్చుంటుంది. తెలుగులో ఎంత పొడవైన వర్ణన అయినా ముందే పేర్చవచ్చు. ఆంగ్లంలో ఒక మాటైతే ముందు, ఒక వాక్యమంత వర్ణన అయితే వెనుక: 'ద మ్యాన్ హూ కేమ్ యెస్టర్‌డే'. మనం ముందు పెట్టే దానిని ఆంగ్లంలో 'హూ', 'విచ్', 'దట్' ల సాయంతో వెనక్కి పంపాలి.

ఒక మాట విశేషణమో కాదో ఎలా తేల్చుకోవాలి?

మాటను విడిగా చూసి తేల్చడం చాలాసార్లు సాధ్యం కాదు, వాక్యంలో అది దేనిని ఆనుకొని ఉందో చూడాలి. 'రౌండ్' అనే ఒక్క మాటను తీసుకోండి. 'ఎ రౌండ్ టేబుల్' లో అది బల్ల ఆకారాన్ని చెబుతోంది కాబట్టి విశేషణం. 'ద లాస్ట్ రౌండ్' లో దాని ముందే 'లాస్ట్' అనే విశేషణం వచ్చింది, అంటే ఇప్పుడు అదే నామవాచకం. 'దే వాక్డ్ రౌండ్ ద ట్రీ' లో 'చెట్టు చుట్టూ' అని దిక్కును చెబుతూ విభక్తి పని చేస్తోంది. సందేహం మిగిలితే మాట ముందు 'వెరీ' పెట్టి చూడండి, 'సీమ్స్' తరువాత ఉంచి చూడండి, పోలిక రూపం వస్తుందేమో చూడండి. ఈ మూడింటికీ నిలిచిన మాట విశేషణమేనని దాదాపు నిశ్చయంగా చెప్పవచ్చు. 'మెయిన్' వంటి కొన్ని విశేషణాలు ఏ ఒక్క పరీక్షకూ నిలవకపోయినా, 'మెయిన్ రోడ్' లో అది నామవాచకానికి ముందు నిలిచి ఆ రోడ్డు ఏదో చెబుతోంది కాబట్టి దానినీ విశేషణంగానే లెక్కించాలి.